మూడు వేళ్ల అనుమతి

నూకరత్నం చేసిన తప్పల్లా ఒక్కటే. పని తొందరగా చేసింది.

ఆలస్యంగా పని చేసినవాళ్లను ప్రభుత్వాఫీసు ఎప్పుడూ కడుపులో పెట్టుకుంటుంది. అసలు చేయనివాళ్లకు పదోన్నతులు వచ్చిన దాఖలాలూ ఉన్నాయి. తొందరగా చేసి నెగ్గుకొచ్చిన మనిషి మాత్రం ఆ జిల్లా ధ్రువపత్రాల కార్యాలయం చరిత్రలో ఒక్కరూ లేరు. ఇరవై ఏళ్ల సర్వీసున్న సీనియర్ అసిస్టెంటుకు ఆ సంగతి తెలియదా అంటే, తెలుసు. ఆవిడ వేళ్లకే తెలియదు.

టైపు ఇన్‌స్టిట్యూట్లో హయ్యరు పరీక్ష ఫస్టుక్లాసులో ప్యాసైన వేళ్లవి. తక్కిన గుమాస్తాలు మౌసు పట్టుకుని, తెరమీద బాణం గుర్తును ఈ మూల నుంచి ఆ మూలకు దూడను తోలినట్టు తోలుకుంటూ ఉంటే, నూకరత్నం మౌసు వంక చూసేది కూడా కాదు. ఎడంచేతి చిటికెన వేలు కంట్రోల్ మీట మీద, చూపుడు వేలు టి మీద పడితే కొత్త ట్యాబ్ తెరుచుకునేది. అందులో రేషన్‌కార్డు పేజీ, ఇంకోదాంట్లో ఓటర్ల జాబితా, మూడోదాంట్లో దరఖాస్తు. వాటి మధ్య మీటలతోనే ఇటూ అటూ గెంతి, నాలుగు నిమిషాల్లో ధ్రువపత్రం చేతిలో పెట్టేది. అందుకే ఆవిడ కిటికీ ముందు క్యూ ఎప్పుడూ మూడు తలలు దాటేది కాదు. కొంప ముంచింది ఆ పొట్టి క్యూయే.

తనిఖీకి వచ్చిన రాష్ట్ర డైరెక్టరుగారి కళ్లు సరిగ్గా దాని మీదే పడ్డాయి.

"ఇక్కడ జనం లేరేం? పని జరగడం లేదా?"

సూపరింటెండెంటు భీమశంకరం గారికి చెమటలు పట్టాయి. ముప్ఫైరెండేళ్లుగా ఒక్క మెమో కూడా అందుకోని మనిషి ఆయన. సొంతంగా ఏ పనీ చేయకపోవడమే ఆ ఘనతకు కారణం. "జరుగుతోంది సార్. అంటే... జరిగిపోతోంది సార్," అన్నాడు.

డైరెక్టరుగారు నూకరత్నం వెనక నిలబడి చూశారు. ఒకటి, రెండు, మూడు ధ్రువపత్రాలు బయటికొచ్చాయి.

"మౌసు ఏదమ్మా?"

"దాంతో పనిలేదండి. వేళ్లతోనే అయిపోద్దండి."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆవిడ చూపించినట్టు రెండు మీటలు నొక్కగానే ఒక ట్యాబ్‌లోంచి ఇంకో ట్యాబ్‌లోకి పోయారు. మళ్లీ నొక్కారు. మళ్లీ పోయారు. పావుగంట సేపు అలా పోతూనే ఉన్నారు. ఆపైన లేచి, క్లిక్కుకు మూడు సెకన్ల చొప్పున రాష్ట్రం మొత్తం మీద ఏటా ఎంత కాలం మట్టిపాలవుతోందో నోటిలెక్కగా చెప్పి, "ఇది విప్లవమమ్మా!" అని నూకరత్నానికి శాలువా కప్పించారు. శాలువా కప్పించుకున్నందుకు ఆవిడ మురిసిపోయింది కూడాను. పాపం, ఏం తెలుసు.

పదిహేను రోజులకు సర్క్యులరు వచ్చింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, అంతర్జాల విహరణమందు అపవ్యయమగుచున్న కాలమును అరికట్టు సదుద్దేశముతో, సత్వర మీటల మహోద్యమమును తక్షణము అమలుపరచవలెను. మౌసులన్నిటినీ స్వాధీనపరచుకొని, తోకలు చుట్టి, సీలువేసి, బీరువాయందు భద్రపరచి, ఆ మేరకు నివేదించవలెను."

నివేదించారు. పద్దెనిమిది మౌసులు బీరువాలోకి వెళ్లాయి. భీమశంకరం గారు సీలు మీద సీలు వేయించి, ఆ రాత్రి నిద్రపట్టక సర్క్యులరును మూడుసార్లు చదివి, పొద్దున్నే వచ్చి నూకరత్నం బల్ల ముందు నిలబడ్డాడు.

"ఇందులో రెండేసి మీటలు కలిపి నొక్కాలని ఉందమ్మా. ఎవరు నొక్కాలో లేదు."

"ఎవరేటండి? నేనే. ఒక్కచేత్తో అయిపోద్ది కదండి."

"ఒక్కదానివే? రెండూ?" ఆయన గొంతు తగ్గించాడు. "ఈ ఆఫీసులో ఒకే మనిషి మొదలుపెట్టి ఆ మనిషే ఖాయం చేసే పని ఏదైనా ఉందా చెప్పు. నువ్వు నోట్ రాస్తావు, నేను సంతకం పెడతాను. రెండూ నువ్వే చేసుకుంటే దాన్ని ఆఫీసనరమ్మా, వంటిల్లంటారు. ఒక్క మీటతో కావలసిన పనికి రెండు పెట్టారంటే, రెండు చేతులు మారాలనే పెట్టి ఉంటారు. కంప్యూటరు కనిపెట్టినవాడు కచ్చితంగా ఏదో సెక్రటేరియట్లో పనిచేసే ఉంటాడు."

నూకరత్నం ఫక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు. ప్రధాన కార్యాలయానికి స్పష్టత కోరుతూ లేఖ రాశాడు. ఆ లేఖ చూసి అక్కడ కూడా ఎవరూ నవ్వలేదు. పైగా, ఇంత ముఖ్యమైన విషయం తమకు తోచనందుకు సిగ్గుపడి, పద్నాలుగు పేజీల అధికారాల పట్టిక పంపారు.

దాని ప్రకారం ఏ ట్యాబైనా ఫైలుతో సమానం. తెరవాలంటే కంట్రోల్ మీట సూపరింటెండెంటు పట్టుకోవాలి, అక్షరం గుమాస్తా నొక్కాలి. ప్రింటుకూ అంతే. మూయడం పెద్ద నిర్ణయం కాబట్టి అక్షరం జిల్లా డిప్యూటీ డైరెక్టరు నొక్కాలి. మూసిన ట్యాబును మళ్లీ తెరవడమంటే పరిష్కారమైన ఫైలును తిరగదోడడం. కంట్రోల్, షిఫ్ట్, టి మూడూ ఒకేసారి నొక్కాలి గనుక సూపరింటెండెంటు, డిప్యూటీ డైరెక్టరు, రాష్ట్ర డైరెక్టరు ముగ్గురూ స్వయంగా వేళ్లు పెట్టాలి. పేజీని తాజాపరిచే ఎఫ్-ఐదు మీట ఒక్క వేలితోనే పనిచేస్తుంది కాబట్టి అది ఏకపక్ష చర్య, పూర్తిగా నిషిద్ధం. వెనకటి పేజీకి పోవడం ప్రభుత్వం ముందుకు పోతున్న తరుణంలో తగని పని. అక్షరాలను పెద్దవి చేసి చూపే మీటలు పౌరసంబంధాల శాఖకు మాత్రమే.

ఆఫీసులో కిటికీలు అయిదు. సూపరింటెండెంటు ఒక్కడు. ఆయనకు కంట్రోల్ మీట పట్టే వేలు, ఉత్తర్వు ప్రకారం, ఒక్కటే.

దాంతో భీమశంకరం గారు పొద్దున పదింటికి చూపుడు వేలు చాపుకుని బయల్దేరేవాడు. ఒకటో కిటికీ దగ్గర మీట మీద వేలు పెట్టి, "పట్టానమ్మా, కానీ!" అనేవాడు. గుమాస్తా కొట్టేలోపు ఆయనకు తుమ్మొచ్చేది, లేదా ఫోనొచ్చేది. మళ్లీ మొదలు. ఒక ట్యాబ్ తెరిచి ఆయన రెండో కిటికీకి పోతే, మళ్లీ ఒకటో కిటికీకి రావడానికి ముప్పావుగంట పట్టేది. ఒకరోజు ఆయన మేనకోడలి పెళ్లికి సెలవు పెట్టాడు. ఆయన కుర్చీకి ఇన్‌ఛార్జిని వేశారు గానీ ఆయన వేలికి వేయడం మర్చిపోయారు. ఆ రోజంతా పద్దెనిమిది కంప్యూటర్లు, అయిదుగురు గుమాస్తాలు, బయట రెండువందల మంది జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.

క్యూ గేటు దాటింది. గేటు అవతల సైకిల్ స్టాండు దాటింది. ఒకాయన అక్కడ మిరపకాయ బజ్జీల బండి పెట్టుకున్నాడు. "రత్నంగారూ, మీ దయవల్ల నాలుగు వేళ్లూ నోట్లోకి పోతున్నాయండి," అని రోజూ ఆవిడకు దండం పెట్టేవాడు. ఆ దండం చూస్తే నూకరత్నానికి ప్రాణం చచ్చిపోయేది. ఇదంతా తను చూపించిన విద్యేనాయె.

ప్రధాన కార్యాలయంలో మాత్రం పండగ చేసుకున్నారు. రాష్ట్రం మొత్తం మీద మౌసు క్లిక్కులు సున్నాకు పడిపోయాయి. ఇంతకంటే సామర్థ్యం ఏముంటుంది?

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ వీడియో సమావేశంలో డైరెక్టరుగారికి ఇంకో సత్యం స్ఫురించింది. ట్యాబ్ ఫైలైతే, తెరిచి ఉన్న ట్యాబ్ పెండింగు ఫైలే కదా!

"మీ జిల్లాలో ఈ క్షణాన నూటపదిహేడు ట్యాబులు తెరిచి ఉన్నాయి. ఏమిటీ నిర్లక్ష్యం?" అని తెరలోంచి ఉరిమారు. "నెలాఖరుకు సున్నా కావాలి. సున్నా!"

డిప్యూటీ డైరెక్టరు విద్యాధరరావు గారు లేచి నిలబడి, "చేసేస్తాం సార్," అన్నాడు. ఎలా చేస్తారని ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు.

ఆ నెలాఖరు రోజునే గంగాలమ్మ కూతురు సత్యవేణిని వెంటబెట్టుకుని తొమ్మిదోసారి వచ్చింది. గంగాలమ్మ చేపలమ్ముకుంటుంది. వచ్చిన ప్రతిసారీ ఆ రోజు బేరం పోయినట్టే. సత్యవేణికి నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. స్థానిక నివాస ధ్రువపత్రం ఒక్కటే తక్కువ. సాయంత్రం అయిదింటిలోగా కాలేజీవాళ్ల వెబ్‌సైటులో ఎక్కించాలి.

"అయిదు దాటితే సీటు ఇంకోళ్లకి ఇచ్చేత్తారంటండి అమ్మగోరూ. మా వంశంలో పది దాటి సదివింది ఇదొక్కతేనండి," అంది గంగాలమ్మ. సత్యవేణి మడతలు పడిన సీటు కాగితాన్ని గుండెలకు అదుముకుని నిలబడింది.

నాలుగు నిమిషాల పని. ఆ పిల్లను తొమ్మిదిసార్లు తిప్పింది తన వేళ్లేనని నూకరత్నానికి అనిపించింది. లేచి వెళ్లి, మూడో కిటికీ దగ్గరున్న భీమశంకరం గారిని దాదాపు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ట్యాబ్ తెరిచారు. వివరాలు ఎక్కించింది, పిల్ల ఫొటో తీసింది, వేలిముద్ర వేయించింది. ఆమోదం వచ్చేసింది. ఇక ప్రింటు ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడే భీమశంకరం గారిని నాలుగో కిటికీవాళ్లు పిలిచారు.

"ఒక్క నిమిషమండి! పి కొట్టేత్తానండి!"

"వరస తప్పకూడదమ్మా. వస్తా, వస్తా."

ఆయన వచ్చాడు, ముప్పావుగంట తర్వాత. కానీ ఒంటరిగా రాలేదు. పక్కన విద్యాధరరావు గారు, వెనక ఫొటోగ్రాఫరు, ఆ వెనక అంకెలు రాసుకునే గుమాస్తా ఉన్నారు. సూపరింటెండెంటు కంట్రోల్ పట్టుకోవడం, ఈయన ట్యాబ్ మూసే డబ్ల్యూ నొక్కడం. కిటికీ తర్వాత కిటికీ ఊడ్చుకుంటూ వస్తున్నారు.

"ఎనభై మూడు... ఎనభై నాలుగు..."

"సార్, సార్! ఇది అయిపోలేదండి!" నూకరత్నం కీబోర్డుకు అడ్డం పడింది.

"అయిపోలేదు కాబట్టే మూస్తున్నానమ్మా. అయిపోయినదాన్ని మూస్తే అందులో నా కృషి ఏముంది?" అని విద్యాధరరావు గారు ఆప్యాయంగా వంగి నొక్కాడు. "ఎనభై అయిదు."

తెర తెల్లబోయింది. అదే పేరుతో మళ్లీ దరఖాస్తు పెడదామంటే ఆ వెబ్‌సైటు పదిహేను రోజుల దాకా తీసుకోదు. మూసిన ట్యాబునే మళ్లీ తెరిస్తే మాత్రం ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఆ మాటే చెప్పింది నూకరత్నం, చేతులు జోడించి.

"తప్పకుండా తెరుద్దాం. మేం కాదన్నామా?" అన్నాడు విద్యాధరరావు గారు. "భీమశంకరం గారి వేలు ఉంది. నా వేలు ఉంది. డైరెక్టరుగారి వేలు ఒక్కటే కావాలి. వారు వచ్చే నెల పర్యటనకు వస్తారు. అప్పటిదాకా ఈ అమ్మాయిని చదువు మీద శ్రద్ధ తగ్గించుకోవద్దని చెప్పండి."

నాలుగున్నరకు సున్నా అయింది. హాల్లో అందరూ ఫొటో కోసం వరసగా నిలబడ్డారు. కిటికీ దగ్గర నూకరత్నం, తల్లీ కూతుళ్లు, గోడగడియారం మిగిలారు. నాలుగూ నలభై.

సత్యవేణి సీటు కాగితాన్ని మెల్లగా మడతపెట్టి సంచిలో దాచేసింది. ఆ మడతపెట్టడం చూసి నూకరత్నానికి ఏడుపొచ్చినంత పనయింది.

గంగాలమ్మ కిటికీలోంచి లోపలికి తొంగిచూసింది. "ఆ మూడు మీటలూ ఎక్కడుంటాయండి అమ్మగోరూ?"

"ఇక్కడే ఉంటాయమ్మా."

"ఒకదానికోటి ఎంత దూరముంటాయండి?"

నూకరత్నం కీబోర్డు కేసి చూసింది. "జానెడు లోపే."

"మరి ముగ్గురెందుకండి?"

దానికి జవాబు పద్నాలుగు పేజీల పట్టికలో కూడా లేదు. నూకరత్నం తన ఎడంచేతిని ఓసారి చూసుకుంది. మూడు నెలలుగా ఒక్కో అక్షరం కొట్టి అరువు వేలి కోసం ఎదురుచూసిన చెయ్యి. చిటికెన వేలు, ఉంగరపు వేలు, చూపుడు వేలు వాటంతటవే వెళ్లి ఎక్కడ కూర్చోవాలో అక్కడ కూర్చున్నాయి. ఒక్క టక్కుమన్న చప్పుడైంది. సత్యవేణి ఫొటో తెరమీదికి తిరిగొచ్చింది. ఇంకో టక్కుతో ప్రింటరు మూలిగి, వెచ్చటి కాగితాన్ని బయటకు తోసింది.

"పరిగెత్తండి! రోడ్డవతల నెట్ సెంటరుంది!"

సంచీ పట్టుకుని, చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తారిద్దరూ. అయిదుకు మూడు నిమిషాలుందనగా సత్యవేణి రోడ్డవతల నిలబడి రెండు చేతులూ పైకెత్తి ఊపింది. నూకరత్నం కుర్చీలో కూలబడి, కళ్లు తుడుచుకుని, బజ్జీలు తెప్పించుకుని తింది.

మర్నాడు ప్రధాన కార్యాలయం నుంచి ఫోను. సున్నా అని ప్రకటించిన పది నిమిషాలకు మీ జిల్లా ఒకటి చూపించింది, ఆ ఒకటి ఎవరు? విద్యాధరరావు గారు పరువు పోయిందని గంతులేసి, చార్జిమెమో ఇచ్చాడు. "ఒకే వ్యక్తి, ఒకే సమయమున, ఒకే చేతితో మూడు హోదాల అధికారములను చలాయించి, అందు ఒకటి రాష్ట్రస్థాయి హోదా అయి ఉండుటచే" అని మొదలై, ఒక పేజీ దాకా ఊపిరి తీసుకోలేదది. విచారణాధికారి కూడా ఆయనే.

"ఏ చెయ్యి?"

"ఎడంచెయ్యండి."

"కుడిచేతికి ప్రమేయం ఉందా?"

"లేదండి. అది కాయితాలు సర్దుకుంటోందండి."

"సాక్షులు?"

"కుడిచెయ్యే ఉందండి పక్కన."

ఆయన అది కూడా రాసుకున్నాడు. వారానికి ఉత్తర్వు వచ్చింది. "సీనియర్ అసిస్టెంటు శ్రీమతి నూకరత్నం గారి ఎడమచేతిని విచారణ పూర్తగువరకు సస్పెన్షనులో ఉంచడమైనది. కుడిచేతి సర్వీసునందు ఎట్టి లోపమూ కనబడనందున అది యథావిధిగా విధులు నిర్వర్తించవలెను. సస్పెన్షను కాలమున సదరు ఎడమచేయి ముందస్తు అనుమతి లేకుండా జిల్లా కేంద్రమును విడిచి వెళ్లరాదు."

నూకరత్నం ఉత్తర్వును అక్షరాలా పాటించింది. పొద్దున వచ్చి ఎడంచేతిని పైటచెంగులో చుట్టి ఒళ్లో పెట్టుకునేది. కుడిచేతి ఒక్క వేలితో అక్షరం వెతుక్కుని కొట్టేది. "మీ చెయ్యికి ఎంత సుఖమండీ, ఊరికే కూర్చోబెట్టి మేపుతున్నారు," అని పక్క గుమాస్తాలు వేళాకోళమాడేవారు. పైకి నవ్వేది గానీ, ఇంటికెళ్లాక ఆ చేతిని చూసుకుంటే గుండె బరువెక్కేది. హయ్యరు ఫస్టుక్లాసు చెయ్యి, దొంగతనం చేసినట్టు చెంగుచాటున దాక్కోవడమేమిటి? ఓ సాయంత్రం ఆవిడ ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. తెల్లకోటులో సత్యవేణి. కింద గంగాలమ్మ ఎవరిచేతో రాయించిన మాట: "అమ్మగోరి చెయ్యి సల్లగుండాలి." ఏ చెయ్యో రాయలేదు. నూకరత్నానికి తెలుసు.

మళ్లీ నెలాఖరు వచ్చింది. మళ్లీ సున్నా కావాలి. విద్యాధరరావు గారు ఉత్సాహంగా అయిదు కిటికీలూ ఊడ్చి, చివరికి తన గదిలో కంప్యూటరు కూడా ఊడ్చాడు. ఊడ్చాక గుర్తొచ్చింది. అందులో ఒక ట్యాబ్‌లో నూకరత్నం మీద విచారణ నివేదిక ఉంది. నలభైరెండు పేజీలు. నెలరోజులు కూర్చుని సొంతంగా కొట్టుకున్నది, ఇంకా పంపనిది.

"రేపు పదకొండింటికల్లా నివేదిక నా బల్ల మీద ఉండాలి," అని డైరెక్టరుగారు అదే సాయంత్రం ఫోను చేశారు.

తెరుద్దామంటే ఆయన వేలే కావాలి. ఆయన వేలు అడగాలంటే, నివేదికను తనే మూసేశానని ఆయనతోనే చెప్పాలి. విద్యాధరరావు గారికి కుర్చీలో ముళ్లు మొలిచాయి. సొంతంగా మూడు మీటలూ నొక్కుదామనుకున్నాడు. అదే నేరానికి తను రాసిన నలభైరెండు పేజీలు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు ఆఫీసు తలుపులు తీయగానే నూకరత్నం బల్ల దగ్గరికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆరేళ్లలో ఆయన ఆవిడ దగ్గర కూర్చోవడం అదే మొదలు.

"టిఫిన్ చేశారా నూకరత్నం గారూ?"

"అయిందండి."

"పిల్లలు బాగున్నారా?"

"బాగున్నారండి."

ఆయన అటూ ఇటూ చూసి ముందుకు వంగాడు. "నా గదిలో ఒక ట్యాబ్ పొరపాటున మూతపడిందమ్మా. మీకు ఒక్క క్షణం పని. మీ వేళ్లలో ఉన్న విద్య ఈ జిల్లాలో ఎవరికుంది చెప్పండి? ఒక్కసారి వచ్చి, మూడో కంటికి తెలియకుండా..."

నూకరత్నం సంగతంతా అర్థం చేసుకుంది. గడియారం కేసి చూసింది. పదీ ఇరవై. పైటచెంగు విప్పి, ఎడంచేతిని తీసి బల్ల మీద మెల్లగా పెట్టింది. విద్యాధరరావు గారి మొహం వికసించింది.

"అయ్యయ్యో, తమరడిగితే కాదంటానాండి? తప్పకుండా చేసేదాన్నే," అని ఆవిడ ఆ చేతిని కుడిచేత్తో ఓదార్పుగా నిమిరింది. "కానీ ఇది సస్పెన్షన్లో ఉందండి."